సీటు కింది తీగ

మా ఇళ్ళల్లో డ్యూటీ అనే మాట ఎప్పుడూ మగవాళ్ళదే. మా నాన్నది స్టీల్ ప్లాంటు డ్యూటీ. సెక్టర్ 6 క్వార్టర్లో ఆయన షిఫ్టును బట్టి మేం అన్నాలు తినేవాళ్ళం, ఆయన నైట్ చేసొచ్చి పడుకుంటే పగలంతా గుసగుసలతో బతికేవాళ్ళం. పెళ్ళయి చరోదా వచ్చాక మా ఆయనది రైల్వే డ్యూటీ. యార్డులో వ్యాగన్ ఫిట్టరు. వారం మార్నింగ్, వారం ఈవెనింగ్, వారం నైట్. ముప్పై ఏళ్ళుగా ఆయన గడియారమే నా గడియారం. ఇక మా అబ్బాయి విక్రమ్‌ది రాయపూర్లో కంపెనీ డ్యూటీ, ఆదివారం ఆదివారం వచ్చి బట్టలు ఉతికించుకుని పోతాడు.

అలాంటిది యాభై ఒకటో ఏట నాకూ ఒక డ్యూటీ దొరికింది. దానికోసం పదకొండు రోజులు నేనెంత గింజుకున్నానో చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం ఫరవాలేదు.

దసరాకి ఆంధ్ర సంఘం వాళ్ళు పెట్టిన భోజనాల్లో వంట నాదే. కుముదిని మేడం అని ఒకావిడ నా చేతి పులిహోర తిని, చెయ్యి కూడా కడుక్కోకుండా పొయ్యిల దగ్గరికి వచ్చింది. స్మృతి నగర్లో ఆమెకి ఆడపిల్లల హాస్టల్ ఉంది. కోచింగ్ చదువులకి వచ్చిన అరవై మంది పిల్లలు. వంటమనిషి చెప్పా పెట్టకుండా మానేసిందట.

"నాస్తా మీరు చూసుకుంటారా దీదీ? ఏడున్నరకి పిల్లలు తిని క్లాసుకి వెళ్ళాలి. మీరు ఐదున్నరకి రిపోర్టు చెయ్యాలి" అని హిందీలో అడిగింది.

రిపోర్టు! ఆ మాట చెవిలో తేనె పోసినట్టనిపించింది. ముప్పై ఏళ్ళుగా మా ఆయన నోట వినడమే తప్ప నన్ను రిపోర్టు చెయ్యమన్న మనిషి లేడు. పదమూడో తారీకు సోమవారం నుంచి రావాలి, ఇంకొకామె కూడా అడుగుతోంది, రాలేకపోతే ముందే చెప్పెయ్యండి అంది. వస్తానని అక్కడికక్కడే చెప్పేశాను. ఎలా వస్తానో ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గానీ ఆలోచించలేదు.

చరోదా నుంచి స్మృతి నగర్ పదమూడు కిలోమీటర్లు. పొద్దున్న నాలుగున్నరకి ఆటో ఉండదు. మా ఆయన దింపుదామంటే వారానికో షిఫ్టు. సైకిలు తొక్కడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు, సంతకి వెళ్ళేది సైకిలు మీదే. కానీ పదమూడు కిలోమీటర్లు తొక్కి, రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడి, మళ్ళీ పదమూడు తొక్కుకు రావడానికి నేనేమన్నా ఇనప మనిషినా? స్కూటీ అంటే లైసెన్సు కావాలి. అప్పుడు విక్రమ్ ఫోన్లో చెప్పాడు, ఎలక్ట్రిక్ సైకిల్ లాంటి చిన్న బండికి లైసెన్సు అక్కర్లేదని, పాతిక కిలోమీటర్ల వేగం దాటదని, ఇంట్లో ప్లగ్గుకి పెట్టుకుంటే చాలని.

అంతవరకు తండ్రీ కొడుకులిద్దరూ ఒకటే మాట. ఏ బండి అనే దగ్గర మొదలైంది గొడవ. కొడుకేమో షోరూంలో రెడీమేడ్ కొనమంటాడు. తండ్రేమో నా పాత లేడీస్ సైకిల్‌కే మోటారు కిట్ కడతానంటారు.

"మమ్మీ, కిట్ అంటే జుగాడ్, అతుకులేసిన బండి. ఫాల్తూ టెన్షన్. రెడీమేడ్ తీసుకుంటే వారంటీ ఉంటుంది, బస్, ఖతమ్" అన్నాడు వాడు.

"అది మూసీసిన డబ్బారా. అందులో ఏటున్నాదో ఎవులికి తెలుసు? ఇప్పి సూడనేని బండి నానెప్పుడూ లైన్లోకి పంపలేదు" అన్నారు ఈయన.

నా ప్రయాణం గురించి ఇద్దరూ ఫోన్లో అరగంట వాదించుకున్నారు. మధ్యలో ఒక్కరైనా నీకేది కావాలి అని నన్నడిగితే ఒట్టు. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, మా ఇంట్లో కత్తిపీటలు రెండు.

ఐదో తారీకు ఆదివారం ముగ్గురం కలిసి సుపేలాలో ఒక షోరూంకి వెళ్ళాం. నీలం రంగు బండి ఒకటి తలుపు దగ్గరే నిలబెట్టి ఉంది. చూడగానే మనసు జారిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. షోరూం ముందు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూశాను. గాల్లో తేలినట్టే ఉంది. ఇదే, ఇప్పుడే, ఇవాళే అనుకుంటూ తిరిగొచ్చాను.

ఇక మా ఆయన దిగారు. యార్డులో ఈయన పని, గూడ్సు బండి వచ్చి ఆగగానే ఆ చివర నుంచి ఈ చివర దాకా నడుస్తూ చక్రం చక్రం సుత్తితో కొట్టి చప్పుడు వినడం. ఏ వ్యాగన్‌లో తేడా ఉంటే దాని మీద సుద్దముక్కతో 'సిక్' అని రాస్తారు. అంటే దానికి జబ్బు చేసిందని. అలా రాసిన వ్యాగన్‌ని బండి నుంచి విడదీసి రిపేరుకి తోసేస్తారు. ఆదివారం పూట షోరూంలో కూడా ఆయన గొంతుక్కూర్చుని, తాళంచెవితో చక్రం మీద టింగు టింగుమని కొట్టి, చెవి పెట్టి విని, వెనక బ్రేకు నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి, చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి కొత్త బండి నల్లటి మడ్‌గార్డు మీద పెద్ద అక్షరాలతో 'సిక్' అని రాసేశారు.

షోరూం అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "సర్, యే క్యా కర్ రహే హైఁ ఆప్!"

"బ్రేక్ ఢీలా హై" అన్నారు ఈయన, చేతులు దులుపుకుంటూ.

విక్రమ్ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బయటికి పోయాడు. నాకు మాత్రం నవ్వాగలేదు. పైగా బ్రేకు నిజంగానే వదులుగా ఉంది, ఆ అమ్మాయే నొక్కి చూసి ఒప్పుకుంది. కానీ నవ్వు ఆగాక నాలో పురుగు దొలచడం మొదలుపెట్టింది. బ్యాటరీ ఆపేసి తొక్కి చూస్తానన్నాను. పది గజాలు పోయేసరికి రొప్పు వచ్చింది. కదలనని మొరాయించిన గేదెని తోసినట్టుంది. దారిలో చార్జింగ్ అయిపోతే ఇంతేనా? ఇంతేనంది ఆ అమ్మాయి. మరి పాడైతే? కంప్లయింట్ రాసుకుంటారట, రాయపూర్ నుంచి మనిషి వస్తాడట, మూడు నాలుగు రోజులు పట్టొచ్చట. మూడు నాలుగు రోజులు అరవై మంది పిల్లలకి ఎవరు పెడతారమ్మా నాస్తా, మీ టెక్నీషియనా?

"సూసేవా?" అన్నారు మా ఆయన, బయటికి వస్తూ. "నీ సైకిలు నీకు అలవాటైన సైకిలు. మోటారు ఆగిపోనా తొక్కుకుని ఒచ్చీగలవు. నాను కడతాను సత్యా, నాలుగు రోజులు."

నేను పడిపోయింది అక్కడే. రైల్వే వ్యాగన్లు కొన్ని వేలు బాగు చేసి ఉంటారు గానీ, నా కోసం ఒక్క పీట కాలైనా బిగించిన మనిషి కాదు. 'నాను కడతాను' అనేసరికి నీలం బండి మీద మనసు చల్లారింది. వెంటనే పూర్తిగా చల్లారిందని మాత్రం చెప్పలేను.

సోమవారం పవర్‌హౌస్ బజార్లో కొన్న కిట్ పెట్టె ఇంటికొచ్చింది. మోటారు బిగించిన చక్రం ఒకటి, బ్యాటరీ, అన్ని తీగలూ వచ్చి కలిసే చిన్న డబ్బా, హ్యాండిల్‌కి పెట్టే యాక్సిలరేటరు, కొత్త బ్రేకు పిడులు. ఆ వారం ఆయనకి ఈవెనింగ్ షిఫ్టు. పొద్దున్నంతా వరండాలో సైకిలు తలకిందులుగా పెట్టుకుని కూర్చునేవారు. పక్కన నేను. పానా అంటే పానా, టేపు అంటే టేపు అందించేదాన్ని.

ఆ ఐదు రోజులూ నా ఒంట్లో ఏం ప్రవేశించిందో తెలియదు. కాలు కాలిన పిల్లిలా తిరిగాను. మూడున్నరకే మెలకువ వచ్చేసేది. లేచి ఏం చెయ్యాలో తెలియక బియ్యం నానబెట్టేదాన్ని, అవి మధ్యాహ్నానికి ఎవరూ తినని అట్లయ్యేవి. అరవై మందికి ఎన్ని ఇడ్లీలో, పిల్లకి మూడా నాలుగా, స్నానం చేస్తూ లెక్కపెట్టేదాన్ని. విక్రమ్ రోజూ రాత్రి ఫోన్లో ఏదో ఒక వీడియో పంపేవాడు. ఒకదాంట్లో కిట్ కట్టిన సైకిల్ ముందు చక్రం ఊడిపోతుంది. ఇంకోదాంట్లో ఎవరిదో బ్యాటరీ పొగలు కక్కుతుంది. అవి చూసి రెడీమేడే మంచిదనుకునేదాన్ని. పొద్దున్న లేచి ఆయన చేతిపని చూస్తే కాదు, ఇదే మంచిదనుకునేదాన్ని. మధ్యాహ్నానికి మళ్ళీ నీలం బండి కళ్ళ ముందు తిరిగేది. గడియారంలో లోలకానికైనా ఎప్పుడో ఒకప్పుడు కీ అయిపోతుంది, నాకు అదీ లేదు.

ఆయన నెమ్మది చూస్తే నాకు ఒళ్ళు మండేది. చక్రం బిగించడానికి ఒక రోజు. మోటారు తిరిగేటప్పుడు ఇరుసు కూడా తిరిగి ఫోర్కు చీల్చుకుని బయటికి వస్తుందని, దాన్ని పట్టి ఉంచడానికి ఇనప పట్టీ కోసి రంధ్రం చెయ్యడానికి ఇంకో రోజు. నా సైకిల్‌కి ఉన్నవి పాతకాలం కడ్డీ బ్రేకులు, వాటికి కొత్త పిడులు కుదరవని అవి మొత్తం పీకి తీగ బ్రేకులు వెయ్యడానికి మరో రోజు.

"అయిపోనాదా?" అని నేను.

"నానింకా ఫిట్ ఇయ్యలేదు" అని ఆయన, యార్డులో బండి కదలొచ్చని చెప్పే మాటతో.

"సోమారం మీ ఫిట్ కోసం ఆగదండీ."

"ఫిట్ ఇయ్యకుండా ఏ బండీ కదలదే. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు నాది."

ఏమాటకామాటే చెప్పాలి, ఆ ఐదు రోజుల్లో నేను చాలా నేర్చుకున్నాను. బ్యాటరీ నుంచి వచ్చే లావుపాటి ఎరుపూ నలుపూ, మోటారుకి పోయే పసుపూ ఆకుపచ్చా నీలం, బ్రేకు నొక్కగానే మోటారు ఆపేసే సన్న తీగలు. అన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి. మార్కెట్లో కూరగాయల పేర్లు చెప్పినట్టు ఏది ఎక్కడికి పోతుందో చెప్పగలిగేదాన్ని. శుక్రవారం పొద్దున్న రేషన్ షాపుకి వెళ్ళి వచ్చేసరికి మాత్రం ఆయన సీటు దగ్గర ఏదో బిగిస్తూ కనబడ్డారు.

"ఏటి సేస్తన్నారు?"

"సీటు సర్దతన్నాను. నీ ఎత్తుకి."

ఎంత మురిసిపోయానో! నా ఎత్తు కూడా చూసుకుంటున్నాడు మనిషి అనుకున్నాను.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి దారంతా ఒకసారి చూసి వద్దామని బయల్దేరాను. యాక్సిలరేటరు తిప్పగానే సైకిలు మెత్తగా ముందుకి కదిలింది. కాళ్ళు ఊరికే తిరుగుతున్నాయి, దారి దానంతటదే వెనక్కి పోతోంది. నాకు పదహారేళ్ళప్పుడు సెక్టర్ 6 రోడ్ల మీద తొక్కిన రోజులు గుర్తొచ్చాయి. కాలనీ గేటు దగ్గర స్పీడ్ బ్రేకరు మీద మోటారు ఒకసారి ఆగింది. నా చెయ్యే జారిందనుకున్నాను. రెండో స్పీడ్ బ్రేకరు మీదా ఆగింది. కొత్త కదా అని సరిపెట్టుకున్నాను.

పెద్ద రోడ్డు దాటడానికి డివైడర్ మధ్య సందు ఉంటుంది. అక్కడ తారు లేచిపోయి గతుకులు. దూరంగా ఇనప చుట్టలు వేసుకుని ట్రైలర్ వస్తోంది, బాగా దూరంగానే ఉంది, దాటెయ్యొచ్చు. బయల్దేరాను. గతుకు రాగానే అందరూ చేసినట్టే సీటు మీద నుంచి కొంచెం పైకి లేచాను. మోటారు చచ్చింది. యాక్సిలరేటరు తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. రోడ్డు నట్టనడుమ నేను, నా సైకిలు. ట్రైలర్ హారన్ నా వీపు మీదే మోగినట్టుంది. పెడల్ మీద కాలు జారింది, మళ్ళీ దొరికింది, ఒక తొక్కు, ఇంకో తొక్కు. అవతలి గట్టుకి ఎలా చేరానో నాకు తెలియదు. వెనక నుంచి ట్రైలర్ గాలి కొట్టి నా చీర కొంగు ముఖం మీద పడింది.

టీ కొట్టు నడిపే ఆవిడ బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అవి తాగుతుండగానే కోపం వచ్చేసింది. ఎందుకాగింది? నేను బ్రేకు నొక్కలేదు. బ్యాటరీ నిండా ఉంది. లేచి సైకిలు చుట్టూ తిరిగాను. ఎరుపూ నలుపూ చూశాను, బాగున్నాయి. పసుపూ ఆకుపచ్చా నీలం, బాగున్నాయి. బ్రేకు తీగలు రెండూ వేలితో లాగి చూశాను. అప్పుడు కనబడింది, నా చేతుల మీదుగా వెళ్ళని తీగ ఒకటి. సన్నటి నల్ల తీగ. డబ్బాలోంచి బయల్దేరి, ఫ్రేము వెంబడి టేపు కింద దాక్కుని, సీటు కిందికి పోయింది. వంగి చూస్తే అక్కడ స్ప్రింగు మీద చిన్న స్విచ్. సీటుని చేత్తో నొక్కిపెట్టి యాక్సిలరేటరు తిప్పితే మోటారు తిరిగింది. నొక్కడం మానేస్తే ఆగిపోయింది.

హాస్టల్ దాకా వెళ్ళలేదు. సైకిలు వెనక్కి తిప్పి, మోటారు ముట్టుకోకుండా ఇంటిదాకా తొక్కుకుంటూ వచ్చాను.

ఆయన అన్నం తినబోతున్నారు, డ్యూటీకి టైమవుతోంది. నేను కంచం ముందు నిలబడి అడిగాను.

"సీటు కింద ఏటి ఎట్టేరు?"

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. దాచాలని చూశారో లేదో తెలియదు గానీ, నా ముఖం చూశాక దాచలేకపోయారు.

"ఇంజిన్లో డ్రైవర్ కునుకు తీస్తే బండి దానంతటదే ఆగిపోతాది" అన్నారు నెమ్మదిగా. "గూడ్సు బండిలో గాలి పైపు ఊడిపోనాదంటే బ్రేకులు వాటంతటయ్యే పడిపోతాయి. ఏ తేడా ఒచ్చినా బండి ఆగిపోవాల. అదే మా రూలు. నువ్వు పడిపోతే మోటారు ఆగాల గదా అని..."

"రైలు ఆగిపోతే దాని ఎనక సిగ్నల్ రెడ్డు పడతాది. నానాగిపోతే నా ఎనక ఏటి రెడ్డు పడతాది? ట్రైలరొచ్చి ఎక్కీసీది ఇయాల!"

జరిగింది చెప్పాను. ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. ముద్ద కంచంలో పెట్టేశారు. నాకు జాలి కలగలేదు. కలిగితే నిజం చెప్పేదాన్ని.

"నాకు సెప్పకుండా ఎందుకెట్టేరు?"

"సెప్తే ఒద్దంటావు."

"అంటాను. నా బండి, నానంటాను."

కంచం కేసే చూస్తూ అన్నారు. "బయమేస్తందే సత్యా. సీకట్లో నువ్వు ఆ రోడ్డు మీద ఒక్కర్తివీ ఎల్తంటే నాను యార్డులో సుత్తి పట్టుకోనేను."

ఆ మాట వారం ముందు అని ఉంటే కరిగిపోయేదాన్ని. ఇప్పుడు నా లోపల ఇన్నేళ్ళుగా మూతపెట్టి ఉంచినదంతా పొంగింది.

"మరి నాకో? రెండు వ్యాగన్ల మజ్జిన దూరి పని సేసే మనిషి మీరు. రేత్తిరి పూట ఫోన్ మోగితే నా పేణం ఎలగుండేదో ముప్పై ఏళ్ళల్లో ఒక్కరోజైనా అడిగేరా? నాను మీ సుత్తికి తీగ కట్టీసేనా? మిమ్మల్ని డ్యూటీ మానీమన్నానా?"

చెయ్యి కడుక్కుని, టిఫిన్ బాక్సు మర్చిపోయి డ్యూటీకి వెళ్ళిపోయారు. ఎప్పుడైనా మర్చిపోతే గేటు దాకా పరిగెత్తేదాన్ని. ఆ రోజు పరిగెత్తలేదు. బాక్సు తెరిచి నేనే తినేశాను. తిన్నాక ఏడ్చాను కూడా.

రాత్రి ఫోన్లో నా నోట జరిగింది విని ఆదివారం పొద్దున్నే విక్రమ్ దిగాడు. తండ్రి మీద అరిచాడు, బయటికి చెప్పుకోలేనంత గట్టిగా. షోరూం వాళ్ళతో మాట్లాడి వచ్చాడట. నీలం బండి ఇవాళే ఇంటికి పంపిస్తారు, అవునంటే చాలట.

"మమ్మీ, హాఁ అను. ఇప్పుడే ఫోన్ చేస్తా. పాపా చేతి ప్రయోగం చాలు."

మా ఆయన వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నారు. తలెత్తకుండా అన్నారు. "తీసీసుకో సత్యా. రెడీమేడే తీసీసుకో. నా వల్ల అవనేదు."

ఈ మాట కోసం వారం కిందట ఎదురుచూశాను. నీలం బండి, రేపటికల్లా, ఎవరితోనూ గొడవ లేకుండా. తల ఊపితే అయిపోతుంది. కానీ రాత్రంతా నేను ఆలోచించింది వేరే. టీ కొట్టు దగ్గర ఎందుకాగిందో కనిపెట్టడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అదే నీలం బండి అయి ఉంటే? కంప్లయింట్ రాయించి రాయపూర్ మనిషి కోసం కూర్చునేదాన్ని. ముప్పై ఏళ్ళు కూర్చున్నది చాలదా? నా సైకిల్లో నాకు తెలియని తీగ ఒక్కటే ఉంది, అది కూడా ఇప్పుడు తెలుసు. పైగా ఆగిపోతే తొక్కుకుని పోగలను, నిన్న తొక్కుకునే వచ్చాను.

ఇవన్నీ వాళ్ళకి చెప్పలేదు. ఆయన పనిముట్ల సంచీలోంచి కటింగ్ ప్లయర్ తీసి సైకిలు దగ్గర కూర్చున్నాను. టేపు ఒలిచి, సీటు కింద నల్ల తీగ రెండు పాయలూ కోసేశాను. స్విచ్ ఊడదీసి పక్కన పెట్టాను. తీగ కొసల మీద తొడుగు గీరి, రెండు రాగి కొసలూ కలిపి మెలేశాను. ఇక సీటు మీద ఎవరున్నా లేకపోయినా మోటారు ఆగదు.

"మమ్మీ, పాగల్ హో గయీ క్యా? షాక్ కొడుతుంది!" అని విక్రమ్ గోల.

"బ్యాటరీ ముందే తీసీసేనురా. మీ నాన్న దగ్గర ఐదు రోజులు కూకున్నాను" అన్నాను.

మెట్టు మీద నుంచి ఆయన చూస్తూనే ఉన్నారు. నేను టేపు చుట్టడం మొదలుపెట్టాక లేచి వచ్చి పక్కన నిలబడ్డారు. ఆపుతారేమో అనుకున్నాను.

"ఇంకో సుట్టు సుట్టు" అన్నారు. "మంచు తగిల్తే తడి లోపలకెల్లిపోతాది."

ఇంకో చుట్టు చుట్టాను.

షోరూంకి ఫోన్ చేసి వద్దని చెప్పమంటే విక్రమ్ నా మీద అలిగి, చేసి, అలుగుతూనే నాలుగు గారెలు తిని సాయంత్రం బండికి రాయపూర్ వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం నుంచి మా ఆయనకి నైట్ షిఫ్టు. రాత్రి గడప దాటుతూ, "ఎన్నింటికి ఎల్తావు?" అన్నారు. నాలుగున్నరకి అన్నాను. ఇంకేదో అనబోయి, "లైటు ఏసుకో" అని వెళ్ళిపోయారు.

ఆయన ఫిట్ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

సోమవారం నాలుగున్నరకి వీధి తలుపు లాగి, తాళం వేసి, బయల్దేరాను. చలి గిలిగింతలు పెడుతోంది. స్పీడ్ బ్రేకర్ల మీద సీటు మీంచి లేచాను, కూర్చున్నాను, మోటారు ఆగలేదు. డివైడర్ సందు దగ్గర మాత్రం దిగి, రెండు వైపులా చూసి, నడిపించుకుంటూ దాటాను. భయం లేదని ఎవరితో అన్నాను? ఐదూ ఇరవైకి హాస్టల్ గేటు ముందున్నాను. కుముదిని మేడం నిద్రకళ్ళతో వచ్చి గడియారం చూసి, రిజిస్టర్లో సంతకం పెట్టమంది. సత్యలక్ష్మి అని తెలుగులో పెట్టాను. 'క్ష్మి' కొంచెం వంకర వచ్చింది.

మొదటి వాయి ఇడ్లీ దింపి రెండోది ఎక్కించాను, చట్నీకి తాలింపు వేస్తున్నాను. ఆరున్నర అవుతోంది. ఫోన్ మోగింది. మా ఆయన.

"సత్యా, సేరేవా?"

"సేరేను. మీరు డ్యూటీ దిగేరా?"

"దిగేను. ఇంటికాడున్నాను. తాళం ఏసున్నాది."

నడుము దగ్గర తడుముకున్నాను. తాళంచెవి నా కొంగు ముడిలో ఉంది. రెండోది పప్పుల డబ్బాలో, అంటే ఇంటి లోపలే ఉంది. ఈ ముప్పై ఏళ్ళలో ఆయన ఏ వేళ డ్యూటీ దిగొచ్చినా లోపల నేను ఉన్నాను. ఆయనకి ఒక తాళంచెవి ఇవ్వాలని నాకూ తోచలేదు, ఒకటి కావాలని ఆయనకీ తోచలేదు.

"పక్కింట్లో కూకోండి కాసేపు. టీ ఇస్తారు."

"ఒద్దులే. మెట్టు మీద కూకుంతాను. ఎప్పుడొస్తావు?"

"పిల్లలు తిని, గిన్నెలు సర్దీసరికి తొమ్మిదౌతాది. వొచ్చీసరికి పది."

ఫోన్లో ఆయన వెనకాల మా వీధి కుళాయి చప్పుడు, పాలవాడి బండి చప్పుడు వినిపిస్తున్నాయి. రాత్రంతా వంగి వంగి పనిచేసిన మనిషి, టీ నీళ్ళయినా లేకుండా మెట్టు మీద. వచ్చేస్తున్నానండీ అనే మాట నాలిక చివరదాకా వచ్చింది. వంటింటి కిటికీ దగ్గర అప్పుడే ఇద్దరు పిల్లలు తడి జుట్లతో కంచాలు పట్టుకుని నిలబడ్డారు.

"అంతసేపు నానేటి సెయ్యను సత్యా?" అన్నారు ఆయన. కోపంగా కాదు. నిజంగా తెలియకే అడిగారు.

"ఎదురు సూడండి" అన్నాను.

ఫోన్ గట్టు మీద పెట్టి రెండో వాయి ఇడ్లీ దింపాను.